పల్లెపాటకు స్వామ్యమెవరిది?

న్యూఢిల్లీలో సరోజినీ నగర్ అన్న పేట కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసాలకు పేరుపడ్డది. ఒకప్పుడు వినయనగర్‌గా ఉండిన ఈ ప్రాంతానికి తరువాత సరోజినీ నాయుడు పేరు పెట్టినారు. హైదరాబాదులో 1879లో పుట్టి ఆంగ్లంలో కవిత్వం చెప్పిన ఈమె తొలి ప్రసిద్ధ సంపుటి ‘ది గోల్డెన్ థ్రెషోల్డ్’ 1905లో వెలువడినది. ఆ సంపుటిలో మొదటి భాగానికి ఆమె ఉంచిన శీర్షికకు ‘జానపద గేయాలు’ అని అర్థం. పల్లకి మోసే బోయీలు, నేతగాండ్రు, కోరమాండల్ తీరపు జాలరులు, తిరుగలి విసిరేవారు అందులో కనిపిస్తారు. అయితే ఆ గేయాలలో ఏదీ జానపదుల నోట పుట్టినది కాదు. ప్రతిదీ ఆ కవయిత్రి స్వంత రచన. ఆమె 1949 మార్చి 2న మరణించినారు. కనుక ఆమె జీవితకాలంలో ప్రచురితమైన రచనలపై గ్రంథస్వామ్యం 2009 డిసెంబరు 31 వరకు నిలిచినది. ఆమె మరణానంతరం కుమార్తె పద్మజా నాయుడు 1961లో వెలువరించిన ‘ది ఫెదర్ ఆఫ్ ది డాన్’ విషయంలో లెక్క వేరు. మరణానంతర ప్రచురణకు గడువు ప్రచురణ సంవత్సరంనుంచి నడుస్తుంది కాబట్టి దానిపై హక్కు 2021 చివరివరకు ఉన్నది. ఒకే రచయిత్రి, రెండు పుస్తకాలు, నడుమ పన్నెండేండ్ల అంతరం!

ఈ ఉదాహరణ నుంచి రెండు సంగతులు గ్రహించవలసి ఉన్నది. ‘జానపదం’ అన్న శీర్షిక ఉన్నంతమాత్రాన పాట జానపదం కాదు. పుస్తకం పాతదైనంతమాత్రాన అది అందరి సొత్తు కాదు. పాత పాటలను అంతర్జాలంలో పదిమందికి పంచిపెట్టాలన్న ఉత్సాహం తెలుగువారిలో ఇప్పుడు మెండుగా ఉన్నది. దంపుళ్ల పాటలు, మంగళహారతులు, లాలిపాటలు, బతుకమ్మ పాటలు అచ్చువేసిన పలుచని పుస్తకాలు ఇండ్లలో మిగిలి ఉంటే, వాటి పుటలను ఛాయాచిత్రాలుగా తీసి ప్రకటించేవారున్నారు. ఈ ఉత్సాహం మెచ్చదగినది. ఏలనగా ఆ పుస్తకాలు నాసి కాగితంమీద అచ్చయినవి; ముట్టుకొంటే విరుగుతున్నవి. ఉద్యోగరీత్యా రాష్ట్రం విడిచిన కుటుంబాలలో వాటికి మరింత ముప్పు. సరోజినీ నగర్‌తో కలిపి ఢిల్లీలోని ఏడు ప్రభుత్వ నివాస ప్రాంతాలను పడగొట్టి తిరిగి కట్టాలని కేంద్ర మంత్రివర్గం 2016లో నిర్ణయించినది. ఇల్లు మారినప్పుడు మొదట పాతసామానుల వానికి చేరేవి ఇట్టి పుస్తకాలే. కాబట్టి కాపాడవలసిన తొందర నిజమైనదే. హక్కుల ప్రశ్నా నిజమైనదే. రెంటికీ పొత్తు కుదర్చడమెట్లో తెలియాలంటే ముందు ‘పాట’ అన్న ఒక్క మాట కింద ఎన్ని వస్తువులు దాగి ఉన్నవో విడదీసి చూడవలెను.

అచ్చులో ఉన్న జానపద గేయంలో కనీసం నాలుగు పొరలుంటవి. మొదటిది పాట మాటలు. రెండవది ఆ మాటలను విని, రాసి, వరుసచేసి, పీఠిక చేర్చిన సంకలనకర్త కృషి. మూడవది బాణీ, దానికి రాసిన స్వరలిపి. నాలుగవది ఒకానొక గాయకురాలు పాడగా ధ్వనిముద్రణ చేసిన రూపం. ఈ నాలుగింటికీ చట్టం నాలుగు వేర్వేరు సమాధానాలు చెబుతుంది. మనవారు చేసే పొరపాట్లలో ఎక్కువభాగం ఒక పొరకు వర్తించే సమాధానాన్ని మరొక పొరకు అంటగట్టడంవల్ల వస్తున్నవే.

గడువుల సంగతి ముందు చూతాము. మన దేశంలో 1914నాటి చట్టం ఇంగ్లండు 1911నాటి శాసనాన్ని అనుసరించి, రచయిత జీవితకాలానికి పైన 50 సంవత్సరాలు హక్కు ఇచ్చినది. స్వతంత్ర భారత చట్టం 1957లో వచ్చి 1958 జనవరి 21 నుంచి అమలైనది, గడువును మార్చలేదు. రవీంద్రనాథ ఠాకూరు 1941లో మరణించినందున ఆయన రచనలపై హక్కు 1991తో ముగియవలసి ఉండగా, ఆ ఏడాది చివర ఆర్డినెన్సు ద్వారా, 1992లో చట్టసవరణ ద్వారా గడువును 60 సంవత్సరాలు చేసినారు. ఒక్క మహాకవి నిమిత్తంగా వచ్చిన ఈ పొడిగింపు తెలుగు రచయితలందరికీ వర్తించినది. 1940లోగా గతించినవారి రచనలు పాత గడువు ప్రకారం అప్పటికే విడుదలైనవి. 1941నుంచి గతించినవారి రచనలకు మరి పదేండ్లు కలిసినవి. లెక్క కష్టమైనది కాదు. రచయిత మరణించిన సంవత్సరానికి 60 కలిపి, ఆ సంవత్సరపు డిసెంబరు 31 దాకా హక్కున్నదని తెలుసుకొంటే చాలు. పేరు లేని రచనలకు, మారుపేరుతో వచ్చిన రచనలకు ప్రచురణ సంవత్సరంనుంచి 60 లెక్కించవలెను. గడువులోగా అసలు పేరు బయటపడితే మళ్లీ మరణ సంవత్సరమే ఆధారం. ధ్వనిముద్రణకు విడుదల సంవత్సరంనుంచి 60.

ఇప్పుడు మొదటి పొర. తరతరాలుగా నోటినుంచి నోటికి వచ్చి, కర్త ఎవరో ఎరుగని పాటపై ఏ ఒక్కరికీ గ్రంథస్వామ్యం లేదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’, ‘లక్ష్మణదేవర నవ్వు’ వంటి కథాగేయాలను ఎవరు పాడినా, ఎవరు అచ్చువేసినా చట్టం అడ్డుపడదు. మన చట్టంలో జానపద వాఙ్మయానికి ప్రత్యేకమైన నిర్వచనమూ లేదు, ప్రత్యేకమైన రక్షణా లేదు. యునెస్కో, ప్రపంచ మేధాసంపత్తి సంస్థ కలిసి 1982లో ఒక నమూనా శాసనాన్ని రూపొందించినవి. ఆ సంస్థలోనే 2000లో ఏర్పడిన అంతర ప్రభుత్వ సంఘం ఈ విషయాన్ని చర్చిస్తూ వచ్చినది. 2024లో జన్యుసంపదకూ, దానితో ముడిపడిన సంప్రదాయ విజ్ఞానానికీ సంబంధించి ఒక ఒడంబడిక కుదిరినది గాని, పాటలవంటి సాంస్కృతిక రూపాలు అందులో చేరలేదు. కాబట్టి ఒక కులంవారో, ఒక ఊరివారో తరతరాలుగా కాపాడుకొన్న పాటపై వారికి సామూహికమైన హక్కు మన చట్టం దృష్టిలో లేదు. ఈ లోటు తెలిసి ఉండడం పాటలు పంచేవారికి అవసరం. చట్టం అడగని చోట మర్యాద అడుగుతుంది.

రెండవ పొరలోనే చిక్కు ఎక్కువ. తెలుగు పాటలను అచ్చుకెక్కించినవారి వరుస చిన్నది కాదు. చార్లెస్ గోవర్ దక్షిణదేశపు జానపద గేయాల గ్రంథాన్ని 1871లో మద్రాసులో ప్రకటించినాడు. జె. ఎ. బోయిల్ 1874లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో తెలుగు వీరగాథలను గురించి వ్రాసినాడు. ఏలూరునుంచి నందిరాజు చలపతిరావు స్త్రీల పాటలను అచ్చొత్తించినారు. చింతా దీక్షితులు పిల్లల పాటలను, పల్లెవారి పాటలను ఏరి తెచ్చినారు. నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి పాటలను మూటగట్టినారు. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ‘కృష్ణశ్రీ’ సంపాదకత్వాన ‘స్త్రీల రామాయణపు పాటలు’ వెలువరించినది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ ఈ రంగంలో విశ్వవిద్యాలయ పరిశోధనకు బాట వేసినది.

వీరి పుస్తకాలకు గడువులు ఒక్క తీరుగా లేవు. గోవర్, బోయిల్ కృతులు ఏనాడో అందరివైనవి. దీక్షితులు 1960లో గతించినారు. 2021 మొదలుకొని ఆయన రచనలు స్వేచ్ఛగా అచ్చువేయవచ్చును. గంగాధరం 1970లో గతించినారు. ఆయన వ్రాసిన పీఠికలపై, వివరణలపై హక్కు 2030 చివరివరకు వారసులది. రామరాజు 2010లో గతించినారు. 2070 వరకు ఆగవలెను. ‘కృష్ణశ్రీ’ అన్నది మారుపేరు. సంపాదకుని అసలు పేరు లోకానికి వెల్లడి కాలేదని అనుకొంటే ఆ గ్రంథానికి 2015తోనే గడువు తీరినది. వెల్లడి అయినదంటే ఆయన మరణ సంవత్సరాన్ని చూడవలసి వస్తుంది. ఇట్లు ఒకే బీరువాలో పక్కపక్కన ఉన్న నాలుగు పుస్తకాలకు నాలుగు సమాధానాలు.

అయితే సంకలనకర్తకు హక్కు దేనిమీద? పాటమీదనా, పుస్తకంమీదనా? ఈ ప్రశ్నకు సూటిగా జానపద గేయాలనుగురించి కాకపోయినా, సర్వోన్నత న్యాయస్థానం 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి. బి. మోదక్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు దారి చూపుతుంది. న్యాయమూర్తుల తీర్పులు ఎవరైనా ప్రచురించగలిగినవి. వాటిని సేకరించి, అక్షరదోషాలు దిద్ది, ప్రచురించిన సంస్థ తన పాఠమంతా తనదేనని వాదించినది. కేవలం శ్రమ, ఖర్చు చాలవనీ, కొంతైనా సృజన కనిపించాలనీ న్యాయస్థానం చెప్పినది. తీర్పుల మూలపాఠానికి హక్కు ఇవ్వలేదు. సంపాదకులు స్వయంగా వ్రాసిన సారాంశాలకు, పేరాలుగా విభజించి సంఖ్యలు వేయడంవంటి వివేచనతో కూడిన పనికి రక్షణ ఉన్నదని అంగీకరించినది.

ఈ సూత్రాన్ని పాటల పుస్తకానికి అన్వయించవచ్చును. విన్నది విన్నట్లు వ్రాసిన పాట సంకలనకర్త సొత్తు కాదు. పీఠిక ఆయనది. అర్థతాత్పర్యాలు ఆయనవి. పాటలను ఒక ఆలోచనతో ఎన్నుకొని, విభజించి, వరుసపెట్టిన కూర్పు ఆయనది. అయితే అయిదారు పాఠాలను సరిచూసి, ఒకదాని లోపాన్ని మరొకదానితో పూరించి, ఎవరూ పాడని ఒక సమగ్రపాఠాన్ని తయారుచేసినట్లయితే అందులో ఆయన వివేచన కొంత చేరినదని వాదించడానికి చోటున్నది. మన పాత సంకలనకర్తలలో పలువురు పాటను ‘సంస్కరించి’ అచ్చువేసినారు; ఎక్కడ దిద్దినారో చెప్పలేదు. అందువల్ల గడువు తీరని పుస్తకం నుంచి ఒకటి రెండు పాటలను మూలం పేర్కొంటూ తీసుకోవడం ఒక సంగతి. అట్టనుంచి అట్టదాకా పుస్తకాన్ని ఉన్నదున్నట్లు ఎత్తి అంతర్జాలంలో పెట్టడం వేరొక సంగతి. మొదటిదానికి చట్టపు బలం ఉన్నది. రెండవదానికి వారసుల అనుమతి కావలెను.

పాత పుస్తకాల వెనుకనో, లోపలి పుటలోనో ‘సర్వస్వామ్య సంకలితము’ అనీ, 1867నాటి 25వ చట్టం కింద రిజిష్టరు అయినదనీ ఉంటుంది. ఈ ముద్రను చూచి భయపడేవారున్నారు. 1867నాటి శాసనం అచ్చుకూటాలను, పుస్తకాలను నమోదు చేయడానికి ఏర్పడినది. గ్రంథస్వామ్యాన్ని పుట్టించేది కాదు. గ్రంథస్వామ్యం రచనతోనే పుడుతుంది. నమోదు లేకపోయినా ఉంటుంది, గడువు తీరినాక ఎన్ని ముద్రలున్నా ఉండదు. ఇదే మాట ఇప్పటి నమోదుకూ వర్తిస్తుంది. ఢిల్లీ ద్వారకలోని గ్రంథస్వామ్య కార్యాలయంలో ఒక పాటను తన పేర నమోదు చేయించుకొన్నవాడు దానికి కర్త అయిపోడు. ఆ నమోదు ప్రాథమిక సాక్ష్యం మాత్రమే. దానిని తప్పని నిరూపించవచ్చును, పట్టికనుంచి తొలగించమని కోరవచ్చును. అట్లు నిరూపించడానికి అన్నిటికంటె గట్టి ఆధారం అంతకు ముందే అచ్చయిన పాత పాటల పుస్తకం. ఈ విధంగా, అలభ్యమైన ఆ పలుచని పుస్తకం పదిమంది కంటబడేచోట ఉండడమే పల్లెపాటను కబ్జానుంచి కాపాడే సాధనం అవుతున్నది.

ఇందుకు మారుముఖం కూడా ఉన్నది. కర్త ఉన్న పాట జానపదమై చెలామణి కావడం. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ ఊరూరా జనం నోట నిలిచినది. కర్త 1952లో పేదరికంలో గతించినారు. హక్కు 2012 దాకా ఉన్నది. నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ పల్లె పలుకుబడిలో ఉన్నంతమాత్రాన జానపదాలు కావు. ఆయన 1957లో గతించినందున 2017 దాకా వాటిపై హక్కున్నది. తెలంగాణ సాయుధ పోరాటకాలంలో బండి యాదగిరి, సుద్దాల హనుమంతు కట్టిన పాటలు ప్రజలవై పోయినవి. ‘మా భూమి’ చిత్రం ద్వారా తరువాతి తరాలకు చేరినవి. హనుమంతు 1982లో గతించినారు. ఆయన పాటలపై హక్కు 2042 చివరివరకు ఉన్నదన్న సంగతి వాటిని ‘పాత జానపద గేయాలు’ అన్న మకుటం కింద పంచేవారిలో ఎందరికి తోచుతుంది?

బెంగాలులో ఈ పొరపాటు ఎంత దూరం పోయినదో చూడదగ్గది. బీర్భూం జిల్లాకు చెందిన రతన్ కహార్ 1972లో కట్టిన పాట అనామక జానపద గేయంగా ప్రచారమైనది. 2020లో ‘గెందా ఫూల్’ అన్న పాటలో దాని పంక్తులు వాడినప్పుడు కర్త సజీవుడై, పేదరికంలో ఉన్నాడన్న మాట దేశమంతటా వినవచ్చినది. ఆ పాట పాడిన బాద్షా ఆయనకు అయిదు లక్షల రూపాయలు పంపినాడు. 2024లో కహార్‌కు పద్మశ్రీ లభించినది. తన పాటకు తానే అనామకుడై యాభై ఏండ్లు బ్రతకడం ఏ రచయితకైనా శిక్షయే.

తెలుగులో 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ పాట మరొక విధమైన చర్చను లేవదీసినది. వాడుకలో ఉన్న పల్లెపాట పల్లవిని తీసుకొని సుద్దాల అశోక్‌తేజ దానిని విస్తరించి వ్రాసినారు. ఆ పాటను అంతకుముందు టెలివిజనులో పాడి ప్రచారంలోకి తెచ్చిన జానపద గాయని తనకు గుర్తింపు కావలెనన్నది. చట్టం దృష్టిలో పల్లవి ఎవరిదీ కాదు. కొత్త చరణాలు కవివి. చిత్రంలోని ధ్వనిముద్రణ నిర్మాతది. పాటను పెద్దలనుంచి నేర్చి, ఏండ్ల తరబడి కాపాడి వేదికకు తెచ్చినవారికి ఈ లెక్కలో గడి ఏదీ లేదు. గాయకుల హక్కు మన చట్టంలోకి 1994 సవరణతో వచ్చినది. 2012 సవరణతో మరింత బలపడినది. అయితే అది గాయకుని గానానికే గాని, అతడు మోసుకొచ్చిన పాటకు కాదు. ఆ చర్చ న్యాయసూత్రాలతో తీరేది కాదు. పేరు చెప్పడం, ప్రతిఫలంలో భాగమివ్వడం అన్న ఆచారంతోనే తీరవలసి ఉన్నది.

మూడవ పొర అయిన బాణీని గురించి మనవారు తరచుగా మరచిపోతారు. అన్నమాచార్యుని సంకీర్తనల మాటలు అయిదు శతాబ్దాల నాటివి. వాటిపై ఎవరికీ హక్కు లేదు. కాని రాగిరేకులలోని ఆ మాటలకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కూర్చిన స్వరాలు ఆయన సృష్టి. ఆయన 1979లో గతించినారు. ఆ స్వరకల్పనలపై హక్కు 2039 చివరివరకు నిలుస్తుంది. జానపద గేయాలలోనూ ఇంతే. వింజమూరి సీత, అనసూయలు పల్లెపాటలను వేదికకు, ఆకాశవాణికి తెచ్చినారు; స్వరాలతో అచ్చుకు కూడా ఎక్కించినారు. పల్లెలో ఉన్న బాణీని ఉన్నట్లు స్వరపరిస్తే అది వ్రాత మాత్రమే. తమ ఊహతో మలిచిన బాణీ అయితే అది రచన. పుస్తకంలో ఈ తేడా చెప్పకపోతే తరువాతివారికి తెలుసుకొనే దారి లేదు. నాలుగవ పొర అయిన ధ్వనిముద్రణ విషయం కొంత సులభం. 1960లో విడుదలైన గ్రామఫోను రికార్డుపై హక్కు 2020తో తీరినది. కాని రికార్డుపై హక్కు తీరినా, అందులోని మాటల కర్త, బాణీ కర్త గడువులు మిగిలి ఉండవచ్చును. ఒక తాళం తెరచుకొన్నదని మిగతా తలుపులు తెరచుకొన్నట్లు కాదు.

ఇక అలభ్య గ్రంథాల మాట. పుస్తకం అంగడిలో దొరకకపోవడం హక్కు తీరిపోయినదనడానికి గుర్తు కాదు. ప్రచురణకర్త మూతబడి, వారసులెవరో తెలియక, హక్కుమాత్రం నిలిచి ఉన్న పుస్తకాలు తెలుగులో వందలాదిగా ఉన్నవి. వీటిని అనాథ గ్రంథాలనవచ్చును. వీటి విషయంలో చట్టం మూడు దారులు చూపినది. ఒకటి: లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడంకోసం విద్యుత్‌రూపంలో నిల్వచేసుకోవచ్చును. ఇది 2012 సవరణ ఇచ్చిన వెసులుబాటు. రెండు: భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి, తన పాఠకుల ఉపయోగానికై, మూడు ప్రతులకు మించకుండా తీసుకోవచ్చును. ఈ రెండు మినహాయింపులూ దాచడానికే గాని, లోకానికి పంచడానికి కావు. ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ 1951లో ప్రారంభమైనది. దాని శాఖ ఒకటి సరోజినీ నగర్‌లో ఉన్నది. పుస్తకప్రదాన చట్టం కింద దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకంలో ఒక ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయాలలో అది కూడా ఒకటి. ఇంట్లో శిథిలమవుతున్న పాటల పుస్తకానికి ఇట్టి ప్రజాగ్రంథాలయం చట్టబద్ధమైన ఆశ్రయం.

మూడవ దారి ప్రచురణకు. కర్త గతించినా, ఎవరో తెలియకపోయినా, హక్కుదారు ఆచూకీ దొరకకపోయినా, ఆ రచనను ప్రకటించడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు చేసుకోవచ్చును. ఈ సదుపాయం మొదట అముద్రిత రచనలకే ఉండగా, 2012 సవరణ ముద్రిత రచనలకూ విస్తరింపజేసినది. దరఖాస్తుకు ముందు తన ఉద్దేశాన్ని దేశంలో ఎక్కువభాగం చెల్లే ఆంగ్ల దినపత్రికలో ప్రకటించవలెను. అనువాదమైతేనే ఆ భాషలోని పత్రికలోకూడా ప్రకటించవలెనని నియమం. తెలుగు పాటల పుస్తకానికి వారసులను వెదకడంకోసం ఆంగ్ల పత్రికలో ప్రకటన వేయడంలోని అసంగతం చెప్పనక్కరలేదు. కోనసీమలోనో, పాలమూరులోనో ఉన్న వారసుడు దానిని చూచే అవకాశం ఎంత? అప్పిలేటు బోర్డు 2021లో రద్దయిన తరువాత ఈ అధికారం వాణిజ్య న్యాయస్థానాలకు, హైకోర్టుల వాణిజ్య విభాగాలకు చేరినది. అరవై పుటల పాటల పుస్తకంకోసం న్యాయస్థానమెక్కే ప్రచురణకర్త అరుదు. చట్టం తలుపు తెరచినది గాని, మెట్లు ఎత్తుగా ఉన్నవి.

ఈ ఎత్తు మెట్ల ఫలితాన్ని లోగడ చూచినాము. లక్షలాది పాత పుస్తకాలను, వాటిలో వేలాది తెలుగు గ్రంథాలను విద్యుత్‌రూపంలోకి మార్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, గ్రంథస్వామ్యపు అభ్యంతరాల నడుమ మూతబడినది. దానిలోని పుస్తకాలు పెక్కు స్వచ్ఛంద సేవకుల చలవవల్ల ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలినవి. హక్కు తీరిన పుస్తకాలనూ తీరనివాటినీ మొదటినుంచి వేరుచేసి పెట్టి ఉంటే, తీరినవాటిపై ఈ నీడ పడేది కాదు. తెలుగు వికీసోర్సులో పనిచేసేవారు రచయిత మరణ సంవత్సరాన్ని అంత పట్టుదలతో వెదకడానికి కారణం ఇదే.

విదేశాలలోని తెలుగువారు మరొక సూక్ష్మాన్ని గమనించవలెను. అమెరికా చట్టం ప్రకారం, 1996 జనవరి 1 నాటికి భారతదేశంలో హక్కు తీరని గ్రంథానికి ఆ దేశంలో సాధారణంగా ప్రచురణనుంచి 95 సంవత్సరాలు రక్షణ ఉంటుంది. చింతా దీక్షితులు 1940లో ప్రకటించిన పుస్తకం ఒకటి ఉన్నదనుకొంటే, అది ఇక్కడ 2021నుంచి అందరిదీ అవుతుంది. అక్కడ 2035 చివరివరకు కాదు. మన పుస్తకాల నిలయాలు చాలవరకు ఆ దేశపు యంత్రాలలోనే ఉన్నవి కాబట్టి ఈ తేడా మాటవరసకు చెప్పేది కాదు.

పొరుగున కన్నడసీమలో జరిగిన ఒక వ్యాజ్యం ఢిల్లీతోనే ముడిపడి ఉన్నది. శివరామ కారంత్ యక్షగానానికి కొత్త రూపమిచ్చి, 1997లో గతించినారు. తన రచనల హక్కులను వీలునామాద్వారా ఒకరికి ఇచ్చినారు. మణిపాల్‌లోని విద్యాసంస్థ 2001 సెప్టెంబరులో న్యూఢిల్లీలో ఆ రీతిలో ప్రదర్శన ఇవ్వగా, అనుమతి లేదని వ్యాజ్యం నడిచినది. కారంత్ స్వయంగా కూర్చినదానిపై హక్కు వీలునామాద్వారా సంక్రమించినదని 2009లో సర్వోన్నత న్యాయస్థానం అంగీకరించి, చట్టంలోని మినహాయింపులను వాడుకొనే వీలుమాత్రం ఆ సంస్థకు ఉంచినది. వందల ఏండ్ల సంప్రదాయం ఒక పక్క, ఒక వ్యక్తి చేర్పు మరొక పక్క. ఎక్కడ గీత గీయాలో ఆ చేర్పు చేసినవారు బ్రతికి ఉండగానే వ్రాసి ఉంచితే తరువాతివారు న్యాయస్థానాలకు పోనక్కర ఉండదు.

తమిళసీమ మరొక మార్గం చూపినది. సుబ్రహ్మణ్య భారతి పాటలపై హక్కులు చేతులు మారి వ్యాపారుల వశమైనప్పుడు, మద్రాసు ప్రభుత్వం 1949లో వాటిని స్వాధీనం చేసుకొన్నది. తరువాత ప్రజలపరం చేసినది. అదే సంప్రదాయం తరువాత ఇతర రచయితల విషయంలోనూ సాగి, వారసులకు ప్రతిఫలమిచ్చి రచనలను జాతీయం చేయడం అక్కడ ఆచారమైనది. తెలుగు ప్రభుత్వాలు రెండూ జానపద సంకలనకర్తల విషయంలో ఈ పని చేస్తే ఖర్చు స్వల్పం, ఫలితం అపారం.

అది జరిగేలోపు రచయితలు, సంకలనకర్తలు చేయగలిగినది ఉన్నది. తన హక్కులను అందరికీ వదలివేయదలచిన రచయిత బహిరంగ ప్రకటనద్వారానే ఆ పని చేయవచ్చునని 2012 సవరణ చెప్పినది. వదలివేయనివారు హక్కులు ఎవరికి చెందాలో వీలునామాలో ఒక్క వాక్యం వ్రాసి ఉంచవలెను. వారసుని ఊరు పేరు లేక అనాథ అయ్యే పుస్తకాలు కొంతైనా తగ్గుతవి. ప్రచురణకర్తతో చేసుకొనే ఒప్పందంలో కాలవ్యవధి తప్పక చూడవలెను. 1994 సవరణ అమలులోకి వచ్చినతరువాత చేసుకొన్న ఒప్పందంలో వ్యవధి చెప్పకపోతే అది 5 సంవత్సరాలకే చెల్లుతుంది.

పాటలు సేకరించేవారు ప్రతి పాట కింద నాలుగు మాటలు వ్రాయవలెను: పాడినవారెవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, తాము దిద్దినదేమి. పాడినవారి సమ్మతి కూడా అడిగి వ్రాసుకోవలెను. పాత పుస్తకాన్ని అంతర్జాలంలో పెట్టేవారు సంకలనకర్త మరణ సంవత్సరాన్ని మొదట తెలుసుకోవలెను. గడువు తీరినదైతే ముఖపత్రంతో, పీఠికతో, ముద్రాపకుని పేరుతో సహా మొత్తంగా పెట్టవలెను. పేరు కత్తిరించి పాటను మాత్రమే పెట్టడం చట్టానికి సరిపోయినా సేకర్తకు అన్యాయమే. గడువు తీరనిదైతే వారసులకు ఒక ఉత్తరం వ్రాయవలెను. పాటల పుస్తకాలతో ధనం కూడబెట్టిన కుటుంబాలు తెలుగునాట అరుదు. తమ పెద్దల కృషి మళ్లీ వెలుగు చూస్తుందంటే కాదనేవారు అంతకన్న అరుదు. ఎవరైనా వారసుడు అభ్యంతరం తెలిపితే వాదులాడక తీసివేయవలెను. వ్రాతపూర్వకంగా ఫిర్యాదు అందిన పిమ్మట 21 రోజులపాటు ఆ ప్రతిని అందుబాటులో లేకుండా ఉంచవలెనని నిలయాలకు చట్టం ఎట్లాగూ విధించినది.

తెలుగు పాటల పుస్తకాలన్నిటికీ సంకలనకర్త పేరు, ప్రచురణ సంవత్సరం, మరణ సంవత్సరం, గడువు తీరే తేదీ చూపే ఒక పట్టిక నేటికీ మనకు కొరత. అకాడమీలు, విశ్వవిద్యాలయాలు, పాత గ్రంథాలయాలు కలిసి పూనుకొంటే అది సాధ్యమయ్యే పని. ఆ పట్టిక ఉన్ననాడు పుస్తకం చేతబట్టుకొన్న ఏ పాఠకుడైనా దానిని లోకానికి ఇవ్వవచ్చునో, గ్రంథాలయానికి ఇవ్వవలెనో, వారసుని అడగవలెనో ఒక్క చూపులో తెలుసుకొంటాడు. కాగితం ఆయుర్దాయం చట్టం గడువుకంటె తక్కువ. ఆ పనికి ఇప్పుడే పూనుకోవడం మేలు.